మాట అయ్యాక కెమెరా ఆపని మాస్టారు

మా కెమెరా మాస్టారు పోయారని మేం చదువుకున్న హాలిఫాక్స్ నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. నేను కెనడాలోనే మరో మూల, సస్కటూన్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. పక్క బల్ల దగ్గరివాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆయన గురించి చెప్పుకోవడానికి నాకిక్కడ ఎవరూ లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయనది ఫిలిప్పీన్స్‌లోని మనీలా. అడిగి తెచ్చుకున్న చిన్న డిజిటల్ కెమెరాతో, తన వీధివాళ్లనే నటులుగా పెట్టుకుని ఒక సినిమా తీశారు. స్టూడియో లేదు, నిర్మాత లేడు. అయినా అది విదేశీ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లింది. తర్వాత బతుకుతెరువు ఆయన్ని కెనడాకు తెచ్చింది. మా కాలేజీలో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పేవారు.

నేను చేరింది మన విద్యార్థులు వెల్లువలా వచ్చిన ఏడాది. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. మొదటి అసైన్‌మెంట్‌కి నేను సముద్రాన్నీ లైట్‌హౌస్‌నీ తీసి చూపించాను. ఇవి పోస్టుకార్డు మీద దొరుకుతాయి, నువ్వెక్కడ పడుకుంటావో చూపించు అన్నారు మాస్టారు. సిగ్గేసింది. అయినా, మా రూమ్మేట్‌ని ఒప్పించి తీశాను. పరుపు మీద కూర్చుని వాడు ఇంటికి ఫోన్‌లో చెబుతున్నాడు:

"నాకు సెపరేట్ రూమ్ ఇచ్చారమ్మా. కిటికీ కూడా ఉంది."

వాడు ఫోన్ పెట్టగానే కెమెరా ఆపేశాను. తెలుగు రాని మాస్టారు ఆ వీడియో చూస్తూ సరిగ్గా అక్కడే పెదవి విరిచారు.

"మాట అయిపోయాక మనిషి ఏం చేస్తాడో చూడు. సినిమా అక్కడుంటుంది."

ఆ వసంతంలో ఊళ్లో ఫిలిప్పీన్స్ డిజిటల్ సినిమాలు కొన్ని ప్రదర్శించారు. ఆయన పాత సినిమా కూడా వేశారు. హాల్లో పదిమంది కూడా లేరు. చివర్లో ఒక ముసలావిడ చేపలు కడిగి, చేతులు తుడుచుకుని, ఊరికే కూర్చుంటుంది. కెమెరా కదలదు. సినిమా అయ్యాక ప్రశ్నలుంటే అడగమన్నారు. ఎవరూ అడగలేదు. నేనే లేచి, ఆవిడ ఈ సినిమా చూశారా అన్నాను.

మాస్టారు తెరవైపు తిరిగి చెప్పారు:

"లేదు. ఫెస్టివల్ నుంచి నేను తిరిగొచ్చేసరికి పోయింది. మా అమ్మ."

ఆ వారమే మళ్లీ తీశాను. ఈసారి ఆపలేదు. ఫోన్ పెట్టేసిన మా రూమ్మేట్ గోడవైపు తిరిగి, తడి సాక్సులు ఒక్కొక్కటే హీటర్ మీద సర్దాడు. మాస్టారు అదంతా చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచారు. ఈ దేశంలో అడుగుపెట్టాక నన్ను ఒకరు తాకడం అదే మొదలు.

ఉద్యోగం దొరికి నేను ఊరు వదిలిన ఉదయం మాస్టారు ఎయిర్‌పోర్టు బస్సు దగ్గరికి వచ్చారు. కిటికీ నిండా మంచు. నాకు కనబడేలా బయటినుంచి అరచేత్తో తుడిచారు. మా మాటలన్నీ అయిపోయాయి, బస్సు ఇంకా కదల్లేదు. ఆయన బస్సు వెనకవైపుకి రెండడుగులు వేసి, ఎవరూ కూర్చోని సీటు దగ్గరి కిటికీని కూడా తుడవడం మొదలుపెట్టారు.