మొదటి దెబ్బ

నా పాట బాగలేదన్న మనిషిని నేను కొట్టాను. మాటవరసకు చెప్పడం లేదు. పిడికిలి బిగించి మూతి మీద గుద్దాను. కింది పెదవి చీలింది. ముందు పన్ను ఒకటి ఊడి ఆయన ఒడిలోనే పడింది. ఆయన నాకు పదకొండేళ్ళుగా స్నేహితుడు, మా గుంపులో డ్రమ్స్ వాయించేవాడు.

నాది బాగేపల్లి తాలూకాలో గూళూరు పక్కన ఒక పల్లె. బాగేపల్లిలో బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాను. ఆదివారాలు ప్రార్థనలో బేస్ గిటారు వాయిస్తాను. డ్రమ్మరుది చింతామణి. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే చోట పని చేస్తాడు. గిటారు వాయించేది ఒక టాక్సీ డ్రైవరు. కీబోర్డు వాయించేది చిక్కబళ్ళాపురంలో బడిపిల్లలకు సంగీతం చెప్పే పెద్దాయన. ఆయన్ను అందరం మేష్ట్రు అంటాం.

నెలకొక ఆదివారం మధ్యాహ్నం మేష్ట్రు ఇంటి మేడమీద గదిలో కలుస్తాం. ఇంట్లో కట్టుకున్న పాట ఎవరి దగ్గరుంటే వాళ్ళు వినిపించాలి. పాట అయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. అయ్యాక ఉన్నదున్నట్టు చెప్పాలి. మొహమాటానికి బాగుందంటే మేష్ట్రు ఊరుకోరు.

నాకు ఫంక్ అనే అమెరికా సంగీతం పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది. బెంగళూరులో ఒక పెళ్ళికి వాయించడానికి పోయినప్పుడు అక్కడి కళాకారుడొకడు తన ఫోనులో అమెరికా నల్లవాళ్ళ చర్చి పాటలు వినిపించాడు. వాటిలో బేస్ వెనకాల నక్కి ఉండదు, ముందు నడుస్తుంది. బొటనవేలితో తీగను కొట్టాలి, చూపుడువేలితో లాగి వదలాలి. తాళంలో మొదటి దెబ్బ బండ పడినట్టు పడుతుంది. ఆ తర్వాత ఖాళీలు, ఖాళీల మధ్య చిన్న చిన్న దెబ్బలు. ఆ పద్ధతిలో తెలుగులో దేవుడి పాట ఒకటి కట్టాలని కోరిక పుట్టింది.

పట్టుపురుగుల పెంపకం మానేశాక మా షెడ్డు ఖాళీగా పడి ఉంది. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలను మేము చంద్రికలంటాం. ఆ పాత చంద్రికలకు గోనెపట్టలు కట్టి నాలుగు గోడలకూ ఆనించి, శబ్దం మోగకుండా చేసుకున్నాను. ఒక లాప్‌టాప్, ఒక మైకు. మూడు నెలలు కూర్చుని పాట కట్టాను. అది సాక్ష్యం పాట, అంటే దేవుడు మన బతుకులో చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే పాట. అమ్మ మోకరించి ప్రార్థన చేసింది, నాన్న మనసు కరిగింది, మా ఇల్లు శాంతితో నిండింది అని అందులో చెప్పుకున్నాను.

అందులో మొదటిది తప్ప ఏదీ జరగలేదు.

మా నాన్న పొలం పుట్రా ఉన్న రైతు. ఆయన్ను చూస్తే ఊళ్ళో నలుగురూ లేచి నిలబడేవాళ్ళు. అమ్మకు ఒకసారి బాగా జబ్బు చేసి, పక్కింటామె వెంట బాగేపల్లిలో ప్రార్థనకు పోయింది. జబ్బు నయమైంది గానీ ప్రార్థనకు పోవడం ఆగలేదు. పోయి వచ్చిన ప్రతిసారీ నాన్న కొట్టేవాడు. కొట్టడానికి మల్బరీ కట్టె వాడేవాడు. అది విరగదు, వంగుతుంది.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం ఆమెను జుట్టు పట్టి షెడ్డులోకి ఈడ్చుకొచ్చాడు. నేను పురుగులకు ఆకు వేస్తూ అక్కడే ఉన్నాను. పురుగులుండే బల్లల్లో అడుగుదాని కిందికి దూరాను. ఆయన కొత్త కట్టె ఒకటి తీసుకుని, పిడికిలిలో పట్టి ఒక్క లాగుతో ఆకంతా దూసేశాడు. ఆ ఆకు వచ్చి నా ముందు పడింది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. దానికి అమ్మ అరిచింది. ఆ తర్వాత అరవలేదు. రెండు మూడు చిన్న దెబ్బలు కొట్టి ఊపిరి తీసుకునేవాడు. మళ్ళీ ఒక పెద్ద దెబ్బ. బల్ల కింద నుంచి నాకు ఆయన పాదాలూ, నేలకు ఆనించిన ఆమె అరచేతులూ మాత్రమే కనిపించాయి. దెబ్బ పడినప్పుడల్లా ఆ వేళ్ళు మట్టిని గీరాయి. పైన బల్లల మీద పురుగులు ఆకు తింటున్న చప్పుడు వాన కురిసినట్టు వినిపిస్తూనే ఉంది.

ఆయన మారలేదు. చేతిలో బలం ఉన్నంతకాలం కొట్టాడు. ఆరేళ్ళ కిందట చనిపోయాడు.

ఈ సంగతి నేను ఒక్క డ్రమ్మరుకే చెప్పుకున్నాను, ఎప్పుడో చింతామణి బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు.

ఆ ఆదివారం మేష్ట్రు ఇంట్లో పాట వినిపించాను. అయిపోయింది. మేష్ట్రు గొంతు సవరించుకుని, బేస్ గొంతును మింగేసింది, కాస్త తగ్గించాలి అన్నారు. టాక్సీ డ్రైవరు, పల్లవి పట్టుకుంటుంది, పెళ్ళిళ్ళలో కూడా వాయించుకోవచ్చు అన్నాడు. డ్రమ్మరు మాత్రం కర్రలు ఒడిలో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వేమీ అనవా?" అన్నాను.

"నీ వేలు నిజం చెప్తాండాదప్పా. నీ నోరు అబద్ధం చెప్తాండాది."

"ఏమి అబద్ధం?"

"మీ నాయన మారినాడంటావే, యాడ మారినాడు? ఆ షెడ్డులో మీ అమ్మను కొట్టిండేది ఈ పాటలో యాడుండాది? నీ బేస్ నిండా అదే ఉండాది. పైన నువ్వు పూలు చల్లినావు."

గదిలో అందరూ నా వైపు చూశారు. ఇరవై ఏళ్ళకు పైగా దాచుకున్నది బట్టలూడదీసినట్టు బయటపడింది. నేను లేచానని కూడా తెలియదు. మొదటి గుద్దుకే పన్ను ఊడింది. రెండోది చెంప మీద పడింది. ఆయన స్టూలు మీద నుంచి వెనక్కి పడుతుంటే తాళం పళ్ళెం స్టాండు కూడా ఆయన మీద పడి గణగణ మోగింది. కాలెత్తాను. తన్నబోయాను.

"సాకు! నిల్సి!" చాలు, ఆపండి అని మేష్ట్రు కన్నడంలో అరిచారు. టాక్సీ డ్రైవరు నన్ను వెనక నుంచి పట్టి గోడకేసి కొట్టాడు. కిందపడితే మోకాలు ఎదురురొమ్ము మీద పెట్టి మొహం మీద నాలుగు పీకాడు. నా ముక్కులోంచి రక్తం చెవిలోకి కారింది. డ్రమ్మరు చెయ్యెత్తలేదు. లేచి కూర్చుని ఊడిన పన్నును అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. నోట్లోంచి రక్తం చొక్కా మీద ధారగా కారుతోంది.

"ఇంకా కొడతావా?" అని అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకోవడానికే అడిగాడు.

వాళ్ళు ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను కారెక్కనివ్వలేదు. నేను బస్సులో బాగేపల్లికి వచ్చి, అక్కడి నుంచి బండి మీద ఇల్లు చేరాను. పొద్దు ఇంకా వాలలేదు. అమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నా మొహం చూసి చేట పక్కన పెట్టింది. కానీ ఆమె చెయ్యి నా మొహం దగ్గరికి రాలేదు. నా కుడిచెయ్యి పట్టుకుంది. కణుపుల దగ్గర తోలు లేచి, చెయ్యి బూరెలా పొంగి ఉంది.

ఉప్పునీళ్ళు కాచి తెచ్చి చెయ్యి అందులో ముంచింది. మంటకు నేను లాక్కోబోయాను. వదల్లేదు.

"మీ నాయన చెయ్యి గూడా ఇట్లే వాచేదప్పా. నేనే కడిగేదాన్ని."

"నువ్వా? నిన్ను కొట్టిన చేతినా?"

"పొద్దున్నే ఆయప్ప దున్నేదానికి మడక పట్టాల గదా," అంది.

అక్కడే పక్కకు తిరిగి కక్కుకున్నాను. ఆయన పోలికలు నాకు ముక్కులో, నడకలో ఉన్నాయని ఊళ్ళో అంటుంటే విన్నాను. ఆ రోజు నా చేతిని ఆమె చేతుల్లో చూసుకున్నాను.

"ఎవర్ని కొడితివి?"

చెప్పాను. ఎందుకు కొట్టానో కూడా చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని, ఆ పాట నాకూ వినిపించు అంది. హెడ్‌ఫోన్లు తలకు పెట్టాను. చివరిదాకా కదలకుండా వింది.

"బాగుండాది. ఎవరు ఆయమ్మ?"

"నువ్వేనమ్మా."

"నేను కాదప్పా. నాకు ఇట్లా జరిగుంటే బాగుండు." హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది. "ఆయప్ప మారల్లని నేను ఎప్పుడూ ప్రార్థన చెయ్యలే. చచ్చిపోవల్లని చేసినా. దెబ్బ పడినప్పుడల్లా అదే అడిగినా. దేవుడు ఇనలే. ఇనకపోయినా ప్రార్థనకు పోతానే ఉంటి. నా మాట చెప్పుకునేదానికి ఇంకెవురుండారు?"

ఆ వారమంతా అంగడి తెరవలేదు. వాచిన చేత్తో తీగ కొడితే ప్రాణం పోయేది. అలాగే కొట్టాను. పాత మాటలన్నీ చెరిపేశాను. కట్టె గురించి రాశాను, దూసిన ఆకు గురించి, మట్టిని గీరిన వేళ్ళ గురించి రాశాను. ప్రభువా, ఈయన్ను చంపు అని ఒక ఆడమనిషి అడుగుతుంది. ప్రభువు బదులివ్వడు. వచ్చే ఆదివారం ఆమె మళ్ళీ ప్రార్థనకు పోతుంది. పాటంతా అంతే.

తర్వాత చింతామణికి పోయాను. డ్రమ్మరు ఇంటి తలుపు వాళ్ళమ్మ తీసింది. ఆమె కూడా ఎన్నో ఏళ్ళు పట్టుగూళ్ళ వేడినీళ్ళలో చేతులు పెట్టి పని చేసిన మనిషి. వేళ్ళ కొనలు తెల్లగా, మొద్దుబారి ఉంటాయి. నన్ను చూడగానే కాలి చెప్పు తీసింది.

"నా కొడుకు అన్నం తినలేకుండా ఉండాడు రా! గంజి తాగిస్తాండా!"

చెంప మీద, మెడ మీద, నెత్తి మీద కొట్టింది. వీధిలో జనం ఆగి చూశారు. నేను చేతులు అడ్డం పెట్టలేదు. అడ్డం పెట్టడానికి మనసు రాలేదు. ఆమెకు ఆయాసం వచ్చి చెయ్యి ఆగింది. లోపలి నుంచి నంగినంగిగా ఒక గొంతు వినిపించింది.

"చాల్లేమ్మా. పాట తెచ్చినాడేమో అడుగు."

లోపలికి పోతే డ్రమ్మరు మంచం మీద ఉన్నాడు. పెదవికి కుట్లు, చెంప నల్లగా కమిలి ఉంది. తప్పయిందన్నా అన్నాను. తలూపాడు. క్షమించానని మాత్రం అనలేదు, ఈరోజుకీ అనలేదు. పాట పెట్టమని చేత్తో సైగ చేశాడు. మూడుసార్లు విన్నాడు. మూడోసారి వేళ్ళతో మంచం పట్టె మీద తాళం వేశాడు.

"రెండో చరణంలో గిటారు తీసెయ్. కీబోర్డూ తీసెయ్. బేస్ ఒకటే ఉండనీ. మొదటి దెబ్బ కొట్టి ఆపు. మీ అమ్మ అరిసి ఆపె గదా, అట్లా. మిగిలింది నేను చూసుకుంటా."

కుట్లు విప్పాక డ్రమ్స్ ఆటోలో వేసుకుని మా షెడ్డుకు వచ్చాడు. ఆయన అంత కసిగా వాయించడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒక కర్ర విరిగి ముక్క ఎగిరి నా నుదురు గీసుకుపోయింది. మేమిద్దరం ఆపలేదు. అమ్మ వాకిట్లోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే, ఆ షెడ్డులోకి నేను రానప్పా అంది.

తర్వాతి నెల మేష్ట్రు నన్ను మళ్ళీ గదిలోకి రానిచ్చారు. తలుపు దగ్గరే కూర్చోమన్నారు. టాక్సీ డ్రైవరు నాకు ఎదురుగా కూర్చుని నా చేతులే చూస్తున్నాడు. పాట రెండో చరణానికి వచ్చేసరికి మేష్ట్రు లేచి బయటికి పోయారు. మా నియమం ప్రకారం పాట మధ్యలో ఎవరూ లేవకూడదు. అది పెట్టిన మనిషే లేచారు. పాట అయ్యాక వచ్చి, "దీనికి నేను కీబోర్డు వాయించను," అన్నారు.

"బాగలేదా మేష్ట్రే?"

"బాగుండాది. ఇంకోసారి వినలేను."

ఎందుకని నేను అడగలేదు. పాట కిందికి కూడా వినబడిందేమో, మెట్లు దిగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్ళావిడ మమ్మల్నే చూస్తోంది.

మా పాస్టరుగారు ఆ పాటను ఆదివారం పాడనివ్వలేదు. పిల్లలుంటారు, చంపమని అడిగే పాట ఎలా పాడతాం అన్నారు. తెలిసిన వాయిద్యగాళ్ళకు ఫోనులో పంపాను. కొందరు మెచ్చుకున్నారు, ఒకడు కన్నతండ్రిని బజారుకీడ్చిన కొడుకువని తిట్టాడు. సాదలి దగ్గర ఒక చిన్న ప్రార్థన కూడికలో మాత్రం ఒకసారి వాయించాం. రెండో చరణంలో నేను మొదటి దెబ్బ కొట్టి ఆపగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగా ఏడ్చారు. ఒక మగమనిషి లేచి మైకు తీగ పీకి, నా గిటారు మెడ పట్టుకుని లాగాడు. డ్రమ్మరు మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. పాట అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు ఇంకో పాట కడుతున్నాను. పోయిన వారం షెడ్డులో డ్రమ్మరుకు వినిపించాను. సగంలోనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇది బాగలేదప్పా."

నా కుడిచెయ్యి తనంతట తానే మూసుకుంది. గోళ్ళు అరచేతిలో దిగాయి. ఆయన చూశాడు. చూసి కూడా వెనక్కి జరగలేదు. నేను గిటారు కింద పెట్టి బయటికి పోయి, బోరు దగ్గర మోచేతుల దాకా నీళ్ళు పోసుకున్నాను. ఊపిరి నిమ్మళించేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"యాడ బాగలేదో చెప్పన్నా," అన్నాను.