శాంతయ్య చూసే విమానాలు

విమానాశ్రయం పక్కనున్న తొండుపల్లిలో పొద్దున్నే క్యాను పట్టుకుని పాలకేంద్రానికి నడిచే శాంతయ్యకు విమానాల పిచ్చి ఉందని ఊరంతా అనుకునేది. కాస్త దూరం నడిచి ఆగేవాడు. నడుం మీద చెయ్యి పెట్టి, తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూసేవాడు. వేళ్ల మధ్య బీడీని మాత్రం ఆరనిచ్చేవాడు కాదు. ఒకరోజు వెంట వస్తున్న మనవరాలు సునీల తనూ తలెత్తింది. పైన కాకి కూడా లేదు. "ఏ విమానం తాతా?" అంది. "ఇప్పుడే పోయింది," అన్నాడు ముసలాయన, పిక్క నొక్కుకుంటూ. "చప్పుడు లేకుండనా?" అని నవ్వబోయిన పిల్ల ఆ చేతిని చూసి, అటునుంచి అటే దవాఖానకు లాక్కుపోయింది.

కాలి రక్తనాళాల గోడలకు ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని, దాంట్లో సున్నం చేరి గట్టిపడిందనీ, దారి ఇరుకై నడిచేటప్పుడు పిక్కకు రక్తం చాలడం లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇలాగే వదిలేస్తే కాలు దక్కదంది. "గా క్యాను లెక్క కడిగెయ్యరాదమ్మా?" అన్నాడు శాంతయ్య. "కడిగితే పోయేది కాదు పెద్దాయనా. బీడీ మానండి, మందులు వాడండి. నొప్పొచ్చేదాకా నడవండి, ఆగండి, మళ్లీ నడవండి. పక్కనున్న సన్న నాళాలు మెల్లగా దారిస్తాయి," అందావిడ. కొన్ని నెలలుగా ఆయన జేబులో బీడీలకు బదులు వేయించిన శనగలున్నాయి. మొన్న నిజంగానే పెద్ద విమానం ఇళ్లు అదిరేలా పోతుంటే సునీల ఆగి చూసింది. ముందు నడుస్తున్న శాంతయ్య తల కూడా ఎత్తలేదు. "ఏందే, పిక్క గిట్ల పట్టిందా?" అని అరిచాడు.