వడిసెలలో కంకులు

నంద్యాలలో బండల పాలిష్ మిషన్ దగ్గర ఉన్నాను. మా ఊరివైపు, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ కేకేసి చెప్పాడు: "రేయ్, మీ పక్కింటవ్వ పోయిందంట." మిషన్ ఆపి తడిచేతులతోనే బస్సెక్కాను.

సమాధి దగ్గర ఒకాయన ఆమెను "నోట్లో నాలుక లేని మనిషి" అని మెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా చిన్నప్పుడు, డెబ్బై ఏళ్ల వయసులోనూ అవ్వ జొన్నచేలలో పిట్టలు తోలే కూలి. మంచె ఎక్కి వడిసెల తాడులో రాయి పెట్టి తిప్పిందంటే, రాయి పోయే చప్పుడుకే గుంపు లేచిపోయేది. ఒక్క పిట్టకూ దెబ్బ తగలనిచ్చేది కాదు. పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, కూలిగా ఇచ్చిన కంకుల్లో కొన్ని తీసి పెరట్లో చూరుకు కట్టేది. ఎదురుగా బండ మీద కూర్చుని ఊరపిచ్చుకల్ని చూసేది.

"ఆ నల్లమెడ పెద్దమనిషిని చూడ్రా. తినేది రవ్వంత, తరిమేది అందర్నీ!" అని నవ్వేది. కాలు వంకరపోయిన పిచ్చుక ఒకటుండేది. "కుంటిదానా, నువ్ రావే" అని దాన్ని పిలిచేది.

ఈ సంగతి చేను గల రైతు చెవిన పడింది. నేనుండగానే పెరట్లోకొచ్చాడు.

"ఏందవ్వా, నా చేన్లో తోలి నీ ఇంట్లో మేపుతాండావా? ఆ కంకులు పీకెయ్. లేకుంటే రేపట్నుంచి మంచె ఎక్కొద్దు."

"నీ చేన్లో ఒక్క పిట్టనన్నా వాలనిచ్చినానా అప్పా?"

"లే."

"అది నీ పని, చేసినా. ఇది నా కూలి. నేనే తింటానో, పిట్టలకే పెడతానో, నిన్నడగాల్నా? పగలంతా నాతో తిట్లు తిన్నాయి, మాపటికి నాలుగు గింజలు తిననీ."

అవ్వ కంకులు పీకలేదు. పని పోయింది. ఆ ఏడు చెనిక్కాయలు ఒలుస్తూ గడిపింది, గోళ్లు చిట్లిపోయాయి.

"ఎందుకవ్వా ఈ పంతం?" అన్నాను.

"పని ఇంకోటి దొరుకుతాదిరా. నమ్మి వచ్చే పిట్టని ఒకరోజు ఉత్తకడుపుతో పంపితే, మళ్లా వస్తాదా?"

మూలనున్న వడిసెల తీసింది. రెండు కొసలూ చూరుకు కట్టి, రాయి పెట్టే చోట కంకులు పెట్టింది.

నేను బడిలో నేర్చుకుంది తక్కువ. ఈరోజు మేస్త్రీ ఎదుట నిలబడి "ఇది నా కూలి" అనగలుగుతున్నానంటే, ఆ మాట ఆ పెరట్లోదే. నోట్లో నాలుక లేదంట!

సమాధి నుంచి నేరుగా అవ్వ పెరట్లోకి పోయాను. వడిసెలలో గింజల్లేని వట్టి కంకులే మిగిలాయి. మా ఇంట్లోంచి నాలుగు కంకులు తెచ్చి పెట్టి, ఆమె బండ మీద కూర్చున్నాను. చాలాసేపు ఏదీ రాలేదు. తర్వాత ఒకటి దిగింది, వంకరకాలుది. ఆ పాత కుంటిదో, దాని పిల్లల్లో ఒకటో తెలియదు. రాయి ఉండాల్సిన చోట కూర్చుని గింజ ఒలుచుకుంటోంది. దాని బరువుకు వడిసెల మెల్లగా ఊగుతోంది.