బావగారి తోక

ఎదురుగా తలుపు తెరిచి ఉంటే దాని గుండా వెళ్ళడం మా బావకు చేతకాదు. ఆయన దర్జీ. ఇల్లూ, కుట్టు దుకాణమూ ఒకే వరసలో ఉండేవి. నడుమ ఒక్క రొట్టెల కొట్టు. ఇంకెవరైనా అయితే వీధి తలుపు తీసి, నాలుగడుగులు వేసి, దుకాణం తాళం తీస్తారు. బావ మాత్రం రోజూ పొద్దున్నే పెరటి తలుపు తీసేవాడు. నీళ్ళ తొట్టి మీదుగా గోడెక్కి, పక్కవాళ్ళ కట్టెల మోపుల మధ్య దూరి, నిన్న వెళ్ళని దారి ఏదో వెతుక్కుంటూ బయల్దేరేవాడు. ఆయన చేరేసరికి బట్టలిచ్చినవాళ్ళు దుకాణం మెట్ల మీద కునుకు తీస్తూ ఉండేవారు.

ఒకరోజు కిటికీ దూకి రొట్టెల కొట్టు వంటింట్లో తేలాడు. పిండి పిసుకుతున్న కొట్టతను తలెత్తి చూశాడు.

"ఏమయ్యా, మా వంటింట్లో ఏం పని?"

"పనేం లేదండీ. దుకాణానికి వెళ్తున్నా."

"నీ దుకాణం అటు కదా ఉంది?"

"అందుకే ఇటు వచ్చా."

ఆ కొట్టతను మంచివాడు. మర్నాటి నుంచి ఆ కిటికీ కింద ఒక పీట వేసి ఉంచాడు, దిగేటప్పుడు కాలు బెణకకుండా. బావకు మాత్రం ఆ దారి మీద మోజు తీరిపోయి మళ్ళీ అటు వెళ్ళలేదు.

కనుమ అంటే రెండు కొండల నడుమ దారి అని మా పల్లె బడి పంతులుగారు చెప్పారు. నేను నమ్మాను. బావ నిఘంటువు వేరు. రెండు గోడల మధ్య సందు కనుమ. బీరువాకూ గోడకూ నడుమ ఉన్నది కనుమ. ఆస్పత్రిలో జనంలోంచి దూరి మందుల కిటికీ చేరితే, "మంచి కనుమ దొరికిందిరా బామ్మర్దీ" అని వారం రోజులు చెప్పుకునేవాడు. మా బంధువుల పెళ్ళి ఫొటో ఒకటుంది. అందులో పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ సరిగ్గా మధ్యన మా బావ తలకాయ ఉంటుంది. ఇదేమిటి బావా అంటే, "అవతలికి వెళ్ళడానికి అదొక్కటే కనుమ" అన్నాడు.

వారమంతా ఇలా గోడలతో సరిపెట్టుకుని, ఆదివారం అసలు కొండల మీద పడేవాడు. మా ఊరి వెనక కొండల్లో పేరున్న కనుమ ఒకటే. దాని గుండా బస్సు వెళ్తుంది కనుక అది బావ దృష్టిలో కనుమే కాదు. మేకలకు తప్ప ఎవరికీ తెలియనివే ఆయనకు కావాలి. తోడు నేను. బామ్మర్దినై పుట్టాక తప్పుతుందా? బావ కొండలను వెతికేవాడు. నేను వెనక నడుస్తూ, ఇద్దరినీ ఒక్క ముక్కలో ఇంటికి చేర్చమని దేవుణ్ణి వేడుకునేవాణ్ణి. ఆయన చాలా ఓపికమంతుడు. దేవుడి సంగతి చెబుతున్నా.

ఆ కొండలకు అవతలే మా పెద్దక్క ఊరు. మా చిన్నక్క, అంటే బావ భార్య, ఆ ఊరు చూసి చాలా ఏళ్ళయింది. ఆవిడకు బస్సు పడదు. బస్సు రెండో మలుపు తిరిగేసరికి ముఖం పాలిపోయి దిగిపోయేది. తర్వాత్తర్వాత డ్రైవరు కూడా ఆవిడ ఎక్కిందంటే రెండో మలుపు దగ్గర తనంతట తనే ఆపేవాడు. అందుకని పెద్దక్కే వచ్చి వెళ్తూండేది. నిరుడు ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిస్తే గొప్ప. ఇక ఆవిడ రాలేదు, ఈవిడ వెళ్ళలేదు. ఫోనులో ఒకరికొకరు "తిన్నావా" అనుకోవడం, ఇద్దరూ ముక్కులు చీదుకోవడం.

"కొండలన్నీ ఈయన కాళ్ళ కిందే ఉన్నాయి," అనేది చిన్నక్క ఆదివారం పొద్దున్నే మాకు రొట్టెలు మూటకడుతూ. "మా అక్క ఊరు ఒక్కటే దొరకదు."

బావ విననట్టు పెరటి తలుపు వైపు జారుకునేవాడు.

ఆ నిరుటి నుంచే బావకు తోక మొలిచింది. కొండకు వెళ్ళేటప్పుడు నడుముకు పొడుగాటి ఊలు గుడ్డ ఒకటి కట్టుకుని, నేల మీద ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఊరి కుక్కలన్నీ వెంటపడేవి. ఒకసారి మేక సగం తినేసింది.

"ఎందుకు బావా ఈ వేషం?"

"దర్జీ అన్నాక ఒంటి మీద నాలుగు గజాల గుడ్డ లేకపోతే ఏం బావుంటుంది?"

మెళ్ళో టేపు ఎలాగూ ఉండేది. ఎక్కడ రాతి మెట్టు కనిపించినా వంగి కొలిచేవాడు. ప్యాంటు కుట్టించుకోవడానికి కొండే వచ్చినట్టు.

ఎంత అందమైన కనుమ దొరికినా ఏదో వంక పెట్టేవాడు. ఒకచోట రెండు పక్కలా పూలు, నడుమ సన్నటి నీటి చాలు. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. బావ తోక అందుకుని చూసుకున్నాడు. "ముళ్ళు పట్టేశాయి. పనికిరాదు, పద." ఇంకోచోట దారి చక్కగా ఉంది. "మెట్టు ఎత్తు. పద." నిక్షేపంలాంటి కనుమలను, చెడిపోయిన చొక్కాల్లా పక్కన పడేశాడు.

వర్షాలు తగ్గాక ఒక ఆదివారం, పడమటి వైపు రెండు కొండల మధ్య కొత్త దారి పట్టాం. బావ తోక చూసుకున్నాడు, శుభ్రంగా ఉంది. మెట్లు కొలిచాడు, తల ఆడించాడు. నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి, సంచిలోంచి కోటు గుడ్డ ముక్కలు తీసి నా మోకాళ్ళ చుట్టూ బిగించి కట్టాడు. కాలు సగానికి మించి వంగడం లేదు.

"లే. ఎక్కు."

ఆ తోక నా భుజాల మీద శాలువాలా కప్పాడు. నేను బాతులా ఎక్కుతుంటే బావ పక్కన చెవి ఒగ్గి నడిచాడు. అటుగా మేకలు తోలుకొస్తున్నావిడ ఆగిపోయింది.

"పాపం, ఏం జబ్బు బాబూ?"

"మోకాళ్ళ నొప్పులమ్మా," అన్నాడు బావ.

"ఈ వయసులోనేనా?"

"నొప్పులు వీడికి కాదు. వీళ్ళ అక్కకి."

ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, మేకలను కొంచెం దూరంగా తోలుకుపోయింది.

భుజం మీది గుడ్డ తీసి చూశాను. చిన్నక్క పాత శాలువా అంచు. ఇల్లు కదిలితే ఆవిడ నేల ఊడ్చేంత శాలువా కప్పుకుంటుంది, మా అమ్మ అలవాటు.

"మరి మెట్ల కొలతలు బావా?"

"మన పెరటి మెట్టు ఉంది చూడు, దాన్నొక్కదాన్నే మీ అక్క 'అమ్మా' అనకుండా ఎక్కుతుంది," అన్నాడు ముందుకు నడుస్తూ. "నువ్వు ఇందాకట్నించి ఎక్కడైనా 'అమ్మా' అన్నావా?"

"లేదు."

"అయితే ఇదే."

ఆ వచ్చే ఆదివారం మూడు మూటల రొట్టెలు కట్టించాడు.

"మూడోది ఎవరికండీ?" అంది చిన్నక్క.

"నీకే. అలా నడిచొద్దాం రా. నీకెక్కడ కష్టమనిపిస్తే అక్కణ్ణించే వెనక్కి. మాట నీదే."

"మీతోనా? ఎవరి వంటింట్లోనో తేలుస్తారు."

ఏం గొణిగినా కొత్త శాలువా కప్పుకుని వచ్చింది. మొదటి మెట్టు ఎక్కింది. బావ ఆవిడ ముఖం చూడలేదు, ఊపిరి బిగబట్టి వింటున్నాడు. రెండో మెట్టు. శాలువా ఎక్కడా తగులుకోలేదు. దర్జీలను తిడుతూ, కొండలను తిడుతూ, మధ్యలో నన్ను కూడా కలుపుకుని తిడుతూ ఎక్కింది గాని, ఆ ఒక్క మాటా నోట్లోంచి రాలేదు. నేను వెనకాల దేవుణ్ణి పేరుపేరునా పిలుస్తూనే ఉన్నాను.

సరిగ్గా కనుమ నడినెత్తి మీదికి చేరి నాలుగడుగులు వేసిందో లేదో, "అమ్మా" అంది.

బావ ముఖం మాడిపోయింది. చేతిలో టేపు జారిపోయింది.

"అమ్మా," అంది మళ్ళీ, చెయ్యి చాపి, "ఆ నీలం కప్పు మా అక్క ఇల్లు కదూ?"

ఆ తర్వాత ఆవిడను పట్టుకోవడం మా వల్ల కాలేదు. దిగువకు ఎలా దిగిందో ఆ మోకాళ్ళకే తెలియాలి. పెద్దక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కర్ర వెతుక్కుని లేచేలోపే చిన్నక్క వెళ్ళి మీద పడింది. "తిన్నావా" అంటే "తిన్నావా" అనుకున్నారు. ఫోనులోలాగే ముక్కులు చీదుకున్నారు, ఈసారి ఒకే శాలువాతో.

బావ ఎటో చూస్తూ నిలబడ్డాడు. కొండ గెలిచినవాడు కనీసం మీసమైనా దువ్వుకోవచ్చు. ఆయన వంగి పెద్దక్క గుమ్మం ముందు మెట్టుకు టేపు పెడుతున్నాడు.

"మరిదిగారూ, ఏమిటది?" అంది పెద్దక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఈ మెట్టు మాత్రం కర్ర సాయంతో దిగగలను. ఇంకాస్త ఎత్తయితే నా వల్ల కాదు."

"అలాగా," అన్నాడు బావ. టేపు చుట్టుకుని, మేము దిగి వచ్చిన కొండల వైపు, ఇంకాస్త పల్లంగా ఎక్కడైనా వంగాయేమోనని ఒకసారి పారజూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, కాస్త మొహమాటంగా అడిగాడు.

"వదినగారూ, ఒక చిన్న సాయం. మీ పాత శాలువా ముక్క ఏదైనా ఉంటే ఇప్పిస్తారా?"