పెనాల్టీ తప్పినవారి పక్కన నిలబడిన కోచ్ రఫీక్

కోచ్ రఫీక్ ఇక లేరు. ఆదివారం ఉదయం ఆయన భార్య మోనా ఫోన్ చేసి ఆ వార్త చెప్పినప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇండియన్ గ్రాసరీ స్టోర్ ముందు కార్‌లో ఉన్నాను. మూడు వారాల క్రితం వరకూ మైదానంలో విజిల్ ఊదిన మనిషి మరణించారంటే మనసు అంగీకరించలేదు.

అలెగ్జాండ్రియాలో రేవు కార్మికుడి కుమారుడాయన. పంతొమ్మిదేళ్లకే అక్కడి పెద్ద క్లబ్‌లో స్ట్రైకర్ అయ్యారు. మోకాలు దెబ్బతిని ఆట విరమించాక ఈజిప్టు వదిలి అమెరికా వచ్చి, మా ఊరి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఎవరైనా సాకర్ అంటే, "కాలితో ఆడేదానికి ఇంకో పేరెందుకు?" అనేవారు.

మా అమ్మాయి అనఘ ఆయన దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. మొదట్లో నేను మైదానం గీత బయట నిలబడి "రన్ చెయ్, షూట్ చెయ్" అని అరిచేవాణ్ణి. ఒకనాడు ఆయన నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు: "మీ అమ్మాయి బంతిని చూడటం లేదు. మీ ముఖం చూస్తోంది." ఆ తరువాత నేను అరవలేదు. కొన్నాళ్లకు ఆయనే నన్ను సహాయకుడిగా చేర్చుకున్నారు. బంతుల సంచి మోయడంతో మొదలైంది నా శిష్యరికం.

రెండేళ్ల క్రితం ఫైనల్‌లో చివరి పెనాల్టీని అనఘ బయటికి కొట్టింది. తండ్రినై ఉండీ నేను కదలలేకపోయాను. ఆయన కుంటుకుంటూ వెళ్లి, జట్టునంతా తెచ్చి అనఘ చుట్టూ నిలబెట్టారు. మా పిల్లల దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అప్పుడు అన్నారు. అరబిక్‌లో 'ప' లేదు కనుక ఆయన నోట అది "బర్లేదు" అయింది. అనఘ ఏడుస్తూనే నవ్వింది.

తిరుగు ప్రయాణంలో అడిగాను, "మీరెప్పుడైనా మిస్ చేశారా కోచ్?" అని.

"కప్ ఫైనల్‌లో. పెనాల్టీ కొట్టిన చోటు నుంచి మా జట్టు దగ్గరికి ఒంటరిగా నడిచాను. ఒక్కడూ ఎదురు రాలేదు. ఇంటికెళ్తే మా నాన్న కూడా మాట్లాడలేదు."

క్యాన్సర్ అని వసంతంలోనే తెలిసిందట. కీమో ఉన్న రోజుల్లో "డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది" అని ప్రాక్టీస్ నాకు అప్పగించి వెళ్లేవారు. పళ్లకు అన్నిసార్లు వైద్యమేమిటని నేనొక్కసారీ అడగలేదు. ఆ నిర్లక్ష్యం ఇప్పుడు నన్ను దహిస్తోంది. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు, పిల్లలకు ఎందుకు చెప్పలేదన్నాను. "చెబితే నా కోసం ఆడతారు. వాళ్ల కోసం వాళ్లు ఆడాలి" అన్నారు.

సోమవారం మసీదులో ప్రార్థన ముగిశాక, జెర్సీలు వేసుకున్న పిల్లలు ఒక్కొక్కరే ఆయన సమాధిలో గుప్పెడు మట్టి వేశారు. ఓడినవారిని అక్కున చేర్చుకున్న ఆ వాత్సల్యమూర్తిని అక్కడ వదిలి రావలసి వచ్చింది. ఆయన లోటును తీర్చగలవారు నా ఎరుకలో లేరు.

కార్‌లో అనఘ అడిగింది. "నాన్నా, రేపు ప్రాక్టీస్ ఉందా?"

"ఉంది."

"మరి కోచ్ ఎవరు?"

నేనే అనడానికి బదులు, "రేపు బంతుల సంచి నువ్వు మోస్తావా?" అని అడిగాను.