డ్రమ్మర్ చెయ్యి

నేను వంట చేసే అరబ్బుల ఇంట్లో పని ముగించుకుని ఫింటాస్‌లో బస్సెక్కితే, నా పక్క సీట్లో ఓ తెల్ల ముసలాయన. ఆ బస్సుల్లో మనబోటివాళ్లే గాని తెల్లవాళ్లు ఎక్కరు. అందుకే నేనే పలకరించాను. ఫ్రాన్స్ ఆయనట, జాజ్ డ్రమ్మర్. కుర్రతనంలో పారిస్ నేలమాళిగ క్లబ్బుల్లో మొదలెట్టి, దేశదేశాలు తిరిగి పెద్ద పెద్ద గాయకుల వెనకాల వాయించి, చివరికి ఇక్కడ ఓ హోటల్లో చేరాడట.

"మా కోనసీమలో అయితే డప్పులవాళ్లే ఊరేగింపుకి ముందుంటారండీ," అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆయన నవ్వి, ఫోన్‌లో పాత రికార్డు అట్ట ఒకటి చూపించాడు. ముందు పాడే ఆవిడ, పక్కన బాకా ఊదే ఆయన. వెనకాల చీకట్లో పుల్ల పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది.

"అది నేనే," అన్నాడు.

"వాయించడం ఇవాళే ఆఖరు," అంటూ కుడిచెయ్యి చాపాడు. సన్నగా వణుకుతోంది.

ఓ సెల్ఫీ తీసుకుందామన్నాను. నేను ఫోన్ ఎత్తానో లేదో, ఆయన లేచి అలవాటుగా నా సీటు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఫర్వానియాలో రూముకొచ్చి చూసుకుంటే ఫొటో నిండా నేనే. ఆయన ముఖం పడలేదు. నా భుజం పక్కన, సీటు కమ్మీ మీద చెయ్యి మాత్రం పడింది.

ఫొటో పంపితే, వీడియో కాల్‌లో మా ఆవిడ అడిగింది. "ఆ చెయ్యెవరిదండీ? అలా కదిలినట్టు పడిందేంటి?"

"పెద్ద డ్రమ్మర్‌ది. వాయిస్తున్నాడు," అన్నాను.