ఫౌజీ చిన్నాయన పొట్టకు ఎంత శాతం?

కొత్తగా ఉద్యోగం దొరికిన ఆ కాలంలో లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. సైనికుడి గాయమంటే కాలో చెయ్యో పోవాలని నా గట్టి నమ్మకం. అందుకే కంగ్టి దగ్గర మా ఊళ్లో ఉండే ఫౌజీ చిన్నాయన నారాయణఖేడ్‌లోని నా గదికి వచ్చి, "పట్నంల మిలిటరీ దవాఖానల బోర్డు ఉన్నది, తోడు రా" అన్నప్పుడు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాను. "దేనికి చిన్నాయనా?" అంటే, "కడుపుకు" అని గోడకేసి చూశాడు. మిగతాది వెంట వచ్చిన చిన్నమ్మ చెప్పింది. మంచుకొండల్లో కొలువు చేసినప్పుడు పేగుజబ్బు పట్టుకుందట. దానికి సర్కారు ఇంత శాతం వైకల్యమని కట్టి పింఛను ఇస్తోందట. అది తగ్గిందో లేదో బోర్డులో డాక్టర్లు మళ్లీ చూస్తారట. (పొట్టకు కూడా శాతాలుంటాయని విని నోరు తెరిచాను. మా ఇంటికొస్తే మంచినీళ్లు తప్ప ముట్టని ఆయన్ను చూసి మేమంతా మిలిటరీ పొగరనుకున్నాం.)

బోర్డు గది తలుపు తెరిచే ఉంది. చిన్నమ్మా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. "ఎట్లా ఉంది?" అన్నాడు పెద్ద డాక్టరు. చిన్నాయన మడమలు టపీమని కొట్టి నిలబడ్డాడు. "ఫస్ట్ క్లాస్ సాబ్! ఏం పరేషాన్ లేదు!" పింఛను పోయినట్టే అనుకున్నాను. "నొప్పి?" "లేదు సాబ్!" "తిండి?" "రాళ్లు తిన్నా అరుగుతయి సాబ్!" ఇంకొక్క ప్రశ్న వేస్తే మళ్లీ పటాలంలో చేర్చుకొమ్మని అడిగేట్టున్నాడు.

తిరిగి చూస్తే పక్కన చిన్నమ్మ లేదు. లోపల ఉంది.

"అబద్ధం సాబ్! గీయన జొన్నరొట్టె తిని ఏండ్లయింది. నా చెల్లె పెండ్లిల తలంబ్రాలప్పుడు పాయఖాన ఎతుక్కుంట ఉరికిండు. నెత్తురు పడ్డా చెప్పడు. ఖరాబైన చడ్డీలు పొద్దుగాల్నే లేసి తనే ఉతుక్కుంటడు. నాకు తెల్వదనుకుంటుండు!"

నడవా అంతా బిత్తరపోయింది. చంకకర్రల మీద నిలబడ్డ ఒకాయన పకాలున నవ్వాడు. నేను లేచి గోడవైపు తిరిగాను. చిన్నాయన మాత్రం నిలబడ్డచోటే కుంగిపోయి, "సిగ్గు తీసినవ్ కదనే" అన్నాడు మెల్లగా. డాక్టరు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "కాలు పోతే దాచుకుంటావా జవాన్? కూర్చో. మొదటినుంచి చెప్పు." తలుపు మూశారు. చాలాసేపటికి గాని తెరవలేదు.

శాతం తగ్గించలేదు, పెంచారని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం బస్టాండుదాకా చిన్నాయన మాకు పది అడుగులు ముందే నడిచాడు. చిన్నమ్మ పెరుగన్నం డబ్బా చేతికిస్తే రెండు ముద్దలు తిని, నేలచూపులు చూస్తూ అడిగాడు: "చడ్డీల సంగతి నీకెట్ల తెలుసు?"

"నువ్వు ఉతికితే సబ్బు గూడ పోదు. రోజూ మళ్ల ఉతికేది ఎవలనుకున్నవ్?"

చిన్నాయన నవ్విన నవ్వుకు బస్టాండంతా తిరిగి చూసింది.

చిన్నమ్మ మా మనిషి కాదన్నట్టు గోడకు ముఖం పెట్టి నిలబడ్డ, నేననే ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ దవాఖానలో అందరికంటే ఎక్కువ సిగ్గుతో చచ్చింది వాడే. పాపం, అప్పట్లో వాడి కడుపు మాత్రం నిక్షేపంగా ఉండేది.